శవం బండి వెనక నాలుగు కార్లు

నా వయసు ముప్పై ఆరు. రిటైరయ్యాను. ఈ మాట చెబితే ఊళ్ళో ముందు నవ్వుతారు, తర్వాత ఏం పని చేశావని అడుగుతారు, చెప్పాక నవ్వడం మానేస్తారు. ఖతార్‌లో పదేళ్ళు శవాల బండి నడిపాను. ఆసుపత్రి మార్చురీలో ఎక్కించుకోవడం, అక్కడే ఖననం చేయాల్సినవాళ్ళనైతే అబూ హమూర్ ఖబరస్తాన్‌కు, ఇంటికి పంపాల్సినవాళ్ళనైతే పెట్టెతో సహా ఎయిర్‌పోర్ట్ కార్గోకు చేర్చడం. పదేళ్ళలో ఒక్క ప్రయాణికుడూ ఫిర్యాదు చేయలేదు.

నా తర్వాత ఆ సీట్లో కూర్చోబోయే తమ్ముళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఏ కౌంటర్లో ఏ స్టాంపు పడాలో కంపెనీవాళ్ళు చెబుతారు. వాళ్ళు చెప్పనివి కొన్ని ఉన్నాయి.

భయమేయదా అని అందరూ అడుగుతారు. మొదటి వారం వేస్తుంది. రెండో వారానికి చలి ఎక్కువవుతుంది. బయట రోడ్డు కరిగే ఎండ, బండిలో మాత్రం వెనకున్నవాళ్ళ కోసం పెట్టిన ఏసీ. జూన్ నెలలో ఉన్ని టోపీ పెట్టుకుని డ్యూటీ చేసే డ్రైవర్ ఖతార్ మొత్తంలో మీరొక్కరే అయి ఉంటారు. చూసేవాళ్ళకు మీరే కొంచెం తేడాగా కనబడతారు. అలవాటు చేసుకోండి.

నేను ఈ పనిలో ఎలా పడ్డాను

అంతకుముందు ఐన్ ఖాలిద్‌లో ఒక హోటల్‌కు డెలివరీ కారు నడిపేవాణ్ణి. ఒక మధ్యాహ్నం బిర్యానీ చల్లారుతోందని తొందర. రౌండ్‌అబౌట్ దగ్గర ఒక తెల్ల వ్యాన్, దాని వెనక లైట్లు వేసుకుని మెల్లగా వస్తున్న కార్లు కనబడ్డాయి. పట్టపగలు లైట్లెందుకో ఆలోచించే తీరిక లేదు. వ్యాన్‌కూ మొదటి కారుకూ మధ్య సందు దొరికింది. దూరాను. వెనక కారు కీచుమని ఆగింది. తప్పు వాళ్ళదే అయినట్టు నేను హారన్ కూడా కొట్టాను.

ఆ సాయంత్రం మా గదికి ఖాదర్ చిచ్చా వచ్చాడు. చిచ్చా అంటే మా నాన్న తమ్ముడు. నన్ను ఖతార్ రప్పించింది ఆయనే. అప్పటికే చాలా ఏళ్ళుగా శవాల బండి నడుపుతున్నాడు గానీ, ఇంట్లో అందరూ "ఖాదర్‌ది ఆసుపత్రి డ్యూటీ" అని సరిపెట్టుకునేవాళ్ళు. మాది బోధన్. ఇంట్లో మాట్లాడుకునేది దక్కనీ. నిజంగా కోపమొస్తే మాత్రం చిచ్చా తెలుగులోకి దిగేవాడు. తిట్టడానికి అంత పదునైన భాష ఇంకోటి లేదని ఆయన నమ్మకం.

ఆ రోజు తలుపు దగ్గరే తెలుగు మొదలుపెట్టాడు.

"ఇయ్యాల రౌండబోట్ కాడ నా బండెన్క దూరింది నువ్వేనారా?"

"ఏ బండి చిచ్చా?"

"ఏ బండా! నా బండ్ల ఒక ముసలాయన మయ్యత్ ఉండె. ఎన్క కార్ల ఆయన కొడుకొస్తుండె. తండ్రికి, కొడుక్కు నడుమ దూరినవ్ నువ్వు. ఏమంత అర్జెంటు పనిబడ్డది?"

మయ్యత్ అంటే మాలో చనిపోయిన మనిషి దేహం. శవం అనే మాట చిచ్చా నోట నేనెప్పుడూ వినలేదు.

"బిర్యానీ..." అన్నాను. ఏదైనా అబద్ధం చెప్పినా బాగుండేది.

చిచ్చా తలుపు వదిలి లోపలికొచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. "మటనా, చికెనా?"

"చికెన్."

"చికెన్ కోసమారా!"

మటన్ అయితే క్షమించేవాడేమో తెలియదు. వారం తిరక్కుండా తన కంపెనీలో మాట్లాడి నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. అది ఉద్యోగమో శిక్షో నేనింకా తేల్చుకోలేదు.

అద్దం, బెల్టు

చిచ్చా నాకు నేర్పినవి రెండు. మొదటిది అద్దం. బయలుదేరేటప్పుడు వెనక ఎన్ని కార్లున్నాయో లెక్కపెట్టాలి. ప్రతి రౌండ్‌అబౌట్ దాటాక, ప్రతి సిగ్నల్ దాటాక మళ్ళీ లెక్కపెట్టాలి. ఒక్కటి తగ్గినా పక్కకు తీసి ఆపాలి. స్పీడు ముల్లు అరవై దాటకూడదు.

"మయ్యత్‌ను జల్ది సాగనంపాలె, నిజమే. సాగనంపెటోళ్ళను తొవ్వల ఇడిసిపెట్టి కాదు" అనేవాడు.

రెండోది బెల్టు. బండి కదిలే ముందు చిచ్చా తన బెల్టు పెట్టుకుని, తర్వాత ఖాళీగా ఉన్న పక్క సీటు బెల్టు కూడా లాగి బిగించేవాడు. నేను సొంతంగా బండి తీసుకున్న కొత్తలో ఆ పని చేయలేదు. ఖాళీ సీటుకు బెల్టు పెట్టే మనిషిని ఊళ్ళో ఏమంటారో నాకు తెలుసు.

నాలుగో ట్రిప్పులో ఒక ముసలాయన పెట్టె తీసుకుని ఎయిర్‌పోర్ట్‌కు పోతున్నాను. బండిలో నేనొక్కణ్ణే. మెయిన్ రోడ్డెక్కగానే టింగ్ టింగ్ అని మోగడం మొదలైంది. డ్యాష్‌బోర్డు మీద పక్క సీటు బొమ్మ ఎర్రగా వెలిగింది. పక్కన కూర్చున్న మనిషి బెల్టు పెట్టుకోలేదని దాని ఫిర్యాదు. సీటు వైపు చూశాను. ఖాళీ. చేత్తో తడిమాను. ఖాళీయే, కానీ ఏసీ గాలి తగిలే సీటు కంటే చల్లగా ఉంది. దారి పొడుగునా మోగింది. కార్గో గేటు దగ్గర నలుగురు కలిసి పెట్టెను కిందికి దించారు. దాని అడుగు నేలకు తాకగానే చప్పుడు ఆగిపోయింది.

మెకానిక్‌కు చూపించాను. "వైరింగ్" అన్నాడు. రెండుసార్లు విప్పి బిగించాడు. తర్వాత కూడా ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు ఎన్నడూ మోగలేదు. వెనక మనిషి ఉన్నప్పుడే మోగేది. అదీ అందరితో కాదు, కొందరితోనే. ఎవరితో మోగుతుందో కనిపెట్టాలని కొన్నాళ్ళు చూశాను. వయసుకూ దేశానికీ మతానికీ దేనికీ పొంతన కుదరలేదు.

చిచ్చాను అడిగాను.

"కొందరికి ముంగట కూసొనే అలవాటుంటది" అన్నాడు, చాయ్ ఊదుకుంటూ.

అప్పట్నుంచి నేనూ ఆ బెల్టు బిగించాను. భయంతో కాదు. ఆ చప్పుడు చిరాకు.

హారన్ కొట్టేవాళ్ళు

బోధన్‌లో జనాజా బజార్లోకి వస్తే కొట్టువాడు షట్టర్ సగం దించేవాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి భుజం కిందపెట్టి పదడుగులు మోసి, పక్కవాడికి అప్పగించి, మళ్ళీ తమ కొట్టుకు పోయి ఉల్లిగడ్డలు తూచేవాళ్ళు. హిందువుల శవయాత్ర అయితే డప్పు వినబడగానే సైకిల్ మీదున్నవాడు దిగేవాడు. అందులో గొప్ప దుఃఖమేమీ లేదు. వాళ్ళకు దిగడం తెలుసు, అంతే.

ఖతార్‌లో శవం వెనక నడవరు. ఎండ, దూరం. కార్లలో వెళ్తారు. కారులో ఏడుస్తున్న మనిషీ కారులో ఫోన్ మాట్లాడుతున్న మనిషీ బయటికి ఒకేలా కనబడతారు. అందుకని వెనకవాడు లైట్లు కొడతాడు, హారన్ మీద చెయ్యి పెట్టి మర్చిపోతాడు, సందు దొరికితే మధ్యలో దూరతాడు. ఏ దేశస్థులని నన్నడగకండి. మనవాళ్ళూ ఉన్నారు, అందరూ ఉన్నారు. స్టీరింగ్ ముందు మనుషులందరిదీ ఒకటే జాతి, ఆలస్యమైపోయిన జాతి.

ఒకసారి ఒకాయన రోడ్డు అంచు మీదుగా వచ్చి మా పక్కన అద్దం దించి పదండి పదండన్నట్టు "యల్లా, యల్లా!" అని అరిచాడు. అరుస్తూనే మా బండి పక్క కిటికీలోంచి లోపలున్నది చూశాడు. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. తల అటు తిప్పుకుని, అదే స్పీడులో మమ్మల్ని దాటి వెళ్ళిపోయాడు. పదేళ్ళలో నేను గమనించింది ఇదే. తెలియక హారన్ కొడతారు, తెలిశాక తల తిప్పుకుంటారు. వెనక్కి తగ్గేవాడు మాత్రం అరుదు.

ఎయిర్‌పోర్ట్ ట్రిప్పుల్లో ఈ గొడవ లేదు. క్యాంప్‌లో చనిపోయిన కూలీల పెట్టె వెనక ఎవరూ రారు. తోటివాళ్ళంతా డ్యూటీలో ఉంటారు, కార్లు ఎవరికీ ఉండవు. పదేళ్ళలో ఎయిర్‌పోర్ట్‌కు పోయే నా బండి వెనక ఒక్క కారు కూడా రాలేదు. అందుకే ఆ దారిలో అద్దం చూసే పని లేదు.

దుమ్ము రోజు

పోయిన ఎండాకాలం మొదట్లో చిచ్చా చనిపోయాడు. అప్పటికి డ్యూటీ మానేసి అల్ వక్రాలో కొడుకు యూసుఫ్ ఇంట్లో ఉంటున్నాడు. తెల్లవారుజామున నమాజ్ చదివి కుర్చీలో కూర్చున్న మనిషి చాయ్ తెచ్చేసరికి లేడు. యూసుఫ్ ఉద్యోగం ఉత్తరాన చివర, అల్ రువైస్ ఓడల బందరులో. వారానికోసారి ఇంటికొచ్చేవాడు. కబురు తెలిసి ముగ్గురు మనుషుల్ని వెంటబెట్టుకుని, ముగ్గురూ మూడు కార్లలో, దిగాడు. వాళ్ళు యూసుఫ్ మామగారు గౌస్, బందరులో తోటి పనివాళ్ళు షబ్బీర్, నర్సయ్య. అందరూ రువైస్‌లో ఉండేవాళ్ళే. దోహా రోడ్లు వాళ్ళకు పెళ్ళికీ పేరంటానికీ తప్ప తెలియవు.

చిచ్చాను నేనే తీసుకెళ్తానని మా సూపర్‌వైజర్ ఉస్మాన్‌ను అడిగాను. సూడాన్ మనిషి. పెద్దగా మాట్లాడడు. "సొంత మనిషిని మోయొచ్చు. నడపకూడదు. దారి గుర్తుండదు" అన్నాడు. న్యాయమైన మాట. చిచ్చా బండిని కొత్తగా చేరిన డ్రైవర్‌కు ఇచ్చాడు. ఇంకో డ్రైవర్ సెలవులో ఉన్నాడు కాబట్టి నాకు ఎయిర్‌పోర్ట్ ట్రిప్ పడింది. ముందు అది దించేసి, మూడింటి అస్ర్ నమాజ్‌కు ఖబరస్తాన్ చేరుకోవాలని లెక్క. నమాజ్ అయిన వెంటనే అక్కడే జనాజా నమాజ్, ఆ వెంటనే ఖననం. ఎవరి కోసమూ ఆగరు. కార్గో గేటు కూడా మూడింటికే మూస్తారు.

ఎయిర్‌పోర్ట్‌కు పోవాల్సిన మనిషి లింగన్న. నిర్మల్ దగ్గర పల్లె. సెంట్రింగ్ పని. క్యాంప్‌లో నిద్రలోనే పోయాడు. ఆయన తమ్ముడు రాజన్న నా నంబర్ ఎలాగో సంపాదించి పొద్దున్నే ఫోన్ చేశాడు.

"అన్నా, ఇయ్యాల తప్పకుంట పంపుతరు గదా? పొద్దుగాల హైద్రాబాద్ ఎయిర్‌పోర్ట్ కాడ బండి వెట్టుకొని ఉంట. అమ్మ రెండు దినాల సంది మెతుకు ముడ్తలేదు."

"పంపుతం అన్నా. నేనే తీస్కపోతున్న."

ఆ రోజు దుమ్ము లేచింది. ఖతార్ దుమ్ము తుఫానులా రాదు, మంచులా దిగుతుంది. సూర్యుడు తెల్ల పళ్ళెంలా వేలాడుతున్నాడు. రోడ్డు మీద అందరూ లైట్లు వేసుకుని ఉన్నారు. ఊరు ఊరంతా ఏదో ఒక శవం వెనక పోతున్నట్టు ఉంది.

చిచ్చాను తలవైపు పట్టుకుని మొదటి వ్యాన్‌లోకి ఎక్కించాను. కొత్త డ్రైవర్‌కు "అద్దం చూడు" అని చెప్పాను. తన మొహం ఎలా ఉందో చూసుకున్నాడు. వాళ్ళు బయలుదేరారు, వెనక నాలుగు కార్లు. నేను లింగన్నను ఎక్కించుకుని, పక్క సీటు బెల్టు బిగించి, కాసేపాగి బయలుదేరాను. మా కంపెనీ బండ్లన్నీ ఒకేలా ఉంటాయి, అదే తెల్ల వ్యాన్, అదే ఆకుపచ్చ చార.

అద్దంలో

ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద సగం దూరం పోయాక, అలవాటు కొద్దీ అద్దంలోకి చూశాను. వెనక కార్లున్నాయి. కార్లుండటం వింత కాదు. నేను లైన్ మారాను, అవీ మారాయి. మెల్లగా పోయాను, అవీ మెల్లబడ్డాయి. సరిగ్గా అరవై మీద, ఒకదాని వెనక ఒకటి, దుమ్ములోంచి దీపాల వరసలా వస్తున్నాయి. పదేళ్ళుగా ఎవరూ రాని దారిలో.

బెల్టు బిగించే ఉంది. అయినా టింగ్ టింగ్ మొదలైంది.

మొదటి కారు దగ్గరికి వచ్చింది. కుడి లైటు అద్దం పగిలి, దాని మీద అడ్డంగా టేపు. ఆ టేపు వేసింది నేనే. అది చిచ్చా కారు. స్టీరింగ్ వెనక మొహం కనబడలేదు, తెల్ల జాలీ టోపీ కనబడింది. రెండు చేతులూ స్టీరింగ్ పైన ఆనించి, మెడ కొంచెం ముందుకు చాచి, చిచ్చా ఎలా నడిపేవాడో అలాగే. ఇందాక నా చేతులతో వేరే బండిలోకి ఎక్కించిన మనిషి, తన కారు తాను నడుపుకుంటూ నా వెనక వస్తున్నాడు.

ఇలాంటప్పుడు ఏం చేయాలో ట్రైనింగ్‌లో చెప్పరు. నేను మాత్రం ఇండికేటర్ వేశాను. చిచ్చా అయినా ఇండికేటర్ వేయకుండా పక్కకు తీస్తే ఊరుకోడు.

బండి ఆపాను. వెనక నాలుగు కార్లూ ఆగాయి. టోపీ మనిషి దిగి దుమ్ములో నా వైపు నడిచొచ్చాడు. యూసుఫ్. తండ్రి టోపీ పెట్టుకున్నాడు. తండ్రీకొడుకుల మెడలు ఒకేలా ఉంటాయని నాకు అంతకుముందు తట్టలేదు.

"ఏంది భాయ్, ఇక్కడ ఆపినవ్? ఖబరస్తాన్ వచ్చిందా?"

"నువ్వు నా ఎన్క ఎందుకొస్తున్నవ్రా?"

"మరి అబ్బా ఎన్క రావద్దా?"

"అబ్బా ఇందుల లేడు."

యూసుఫ్ వ్యాన్ వెనక తలుపు వైపు చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. "మరి ఇందుల ఎవరున్నరు?"

"లింగన్న. నిర్మల్."

సంగతి తేలింది. మార్చురీ దాటిన రెండో రౌండ్‌అబౌట్ దగ్గర ఒక పెద్ద తెల్ల బండి వెనక నుంచి హారన్ కొట్టి కొట్టి, చిచ్చా వ్యాన్‌కూ యూసుఫ్‌కూ మధ్యలో దూరింది. అది దూరిందని దాని వెనక ఇంకో రెండు దూరాయి. సిగ్నల్ పడింది. కొత్త డ్రైవర్ అద్దం చూడలేదు. వ్యాన్ దుమ్ములో కలిసిపోయింది. వీళ్ళు బిక్కచచ్చి నిలబడి ఉండగా పక్క లైన్లోంచి అదే తెల్ల వ్యాన్, అదే ఆకుపచ్చ చార కనబడింది. దాని వెనకే వచ్చేశారు. దారి కూడా వక్రా ఇంటికి పోయే దారే కావడంతో, ఇంటి మీదుగా తీసుకెళ్తున్నారనుకున్నారు.

అలా దూరిన ఆ డ్రైవర్‌ను నాలుగు తిట్టాలని నోరు తెరిచాను. తిట్ల కంటే ముందు నా బిర్యానీ గుర్తొచ్చింది.

కొత్త డ్రైవర్‌కు ఫోన్ చేశాను. మసీదు దగ్గరున్నాడట. "ఐదు జనాజాలున్నయి భాయ్. వెయిట్ చెయ్యమంటే చెయ్యరంట." దుమ్ము ట్రాఫిక్‌లో నా లెక్క ఎప్పుడో తప్పింది, టైము మూడుకు ఇరవై నిమిషాలు తక్కువ. షబ్బీర్ ఫోన్‌లో మ్యాప్ తీశాడు. ఖబరస్తాన్ దారంతా ఎర్రగా ఉంది, ముప్పై ఐదు నిమిషాలు చూపిస్తోంది. గోదాముల వెనక నుంచి నాకు తెలిసిన దారి ఒకటుంది. ఇరవై నిమిషాలు. అందులో పదకొండు మలుపులు.

"చెప్పు భాయ్, నేను పోత. మొదట కుడికి, తర్వాత..." అన్నాడు యూసుఫ్. మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ తప్పు అప్పజెప్పాడు. ఉస్మాన్ అన్నది నిజమే.

నా ముందు రెండు గేట్లు. రెండూ మూడింటికే మూసుకుంటాయి. ఒకదాని దగ్గర ఒక కొడుకు తండ్రిని గోరీలోకి దింపాలి. ఇంకోదాని అవతల, చాలా దూరంలో, ఒక ముసలమ్మ అన్నం ముట్టకుండా కూర్చుని ఉంది.

నర్సయ్య రోడ్డు పక్క దుమ్ములో చెప్పులు విడిచి, లింగన్న ఉన్న తలుపుకు చేతులు జోడించి వచ్చాడు. "ఏదో ఒకటి జల్ది జెయ్యి సలీం భాయ్" అన్నాడు.

బండెక్కాను. వెనక్కి తిరిగి చెప్పాను. "లింగన్నా, చిన్న పని బడ్డది. ఎయిర్‌పోర్ట్ జర ఆగాలె. ఏమనుకోకు."

టింగ్ టింగ్ ఆగిపోయింది. వైరింగ్.

గోదాముల దారి చివర ఒక రౌండ్‌అబౌట్ ఉంది, అది దాటితే ఖబరస్తాన్ గేటే. అక్కడే నాలుగు వైపుల నుంచీ హారన్లు మొదలయ్యాయి. వెనక ఒక బండి యూసుఫ్ పక్కకు వచ్చి ముక్కు దూర్చబోతోంది. నేను జీవితంలో చేయని పని చేశాను. వ్యాన్‌ను రోడ్డుకు అడ్డంగా తిప్పి ఆపేశాను. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి మా కార్లను పొమ్మన్నాను. హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. నేను లెక్కపెట్టాను. యూసుఫ్. గౌస్ మామ. షబ్బీర్. నర్సయ్య. నర్సయ్య వెనక ఇంకో జత లైట్లు. మసక పసుపు రంగు, అదే నడక, అరవై దాటని నడక. అవీ నా ముందు నుంచి పోయాయి. ఆ కొంచెంసేపు హారన్లు ఎవరూ కొట్టలేదు.

ఐదు.

ఖబరస్తాన్ గేటు దగ్గర మళ్ళీ లెక్కపెట్టాను. నాలుగు.

తర్వాత నర్సయ్యను అడిగాను, నీ వెనక ఎవరొచ్చారని. "నేనే ఆఖరు. నా ఎన్క దుమ్మే ఉండె" అన్నాడు. దుమ్ములో లెక్క తప్పుతుంది. మీకూ తప్పుతుంది, కంగారు పడకండి.

గేటు బయట

జనాజా నమాజ్ అయిపోయింది. చిచ్చా అప్పటికే ఎవరెవరి భుజాల మీదో లోపలికి పోతున్నాడు. యూసుఫ్ పరిగెత్తాడు. ఒక చెప్పు గేటు దగ్గరే ఉండిపోయింది.

నేను లోపలికి పోలేదు. లోపల మనిషి ఉన్న బండిని వదిలి డ్రైవర్ కదలకూడదు. నా ప్రయాణికుణ్ణి అప్పటికే దారి తప్పించాను, ఇక ఒంటరిగా కూడా వదిలితే బాగుండదు. గేటు ఊచల్లోంచి చూస్తే వంగుతున్న వీపులు కనబడ్డాయి, దుమ్ము కనబడింది. చిచ్చా గోరీ కనబడలేదు. నన్ను ఆ దేశానికి తెచ్చిన మనిషికి నేను పిడికెడు మన్ను వేయలేదు.

యూసుఫ్ తిరిగొచ్చాడు. మోచేతుల దాకా మట్టి.

"నేనే దింపిన భాయ్" అన్నాడు. "మొహం మక్కా దిక్కు నేనే తిప్పిన." చెప్పు వేసుకోబోయి, కుడిదో ఎడమదో తెలియక దాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నేను వంగి వేశాను. చిచ్చాకు చేయాల్సిన పనుల్లో నా వంతుకు అదొక్కటే మిగిలింది.

వాళ్ళు వక్రా ఇంటికి పోయారు. నేను ఎయిర్‌పోర్ట్‌కు పోయాను. కార్గో గేటు మూసి ఉంది. బతిమాలాను. కాపలా మనిషి మంచివాడు, నాతో పాటు ఆ తాళం వైపు దిగులుగా చూశాడు. లింగన్నను మళ్ళీ మార్చురీకి తెచ్చాను. మర్నాటి విమానానికి పోయాడు.

ఇది తప్పే. తమ్ముళ్ళూ, దీన్ని మీరు గొప్ప పనిగా చెప్పుకోవద్దు. ఒకరి మయ్యత్ దగ్గరికి కొడుకును చేర్చడానికి ఇంకొకరి శవాన్ని ఆపాను.

ఉస్మాన్ మర్నాడు పిలిచాడు. రౌండ్‌అబౌట్ మూసినందుకు కెమెరా పంపిన ఫోటో బల్ల మీద ఉంది. అందులో నా చెయ్యి కిటికీ బయట ఉంది, పెళ్ళికి పిలుస్తున్నట్టు. "నీ స్థానంలో నేనున్నా ఇదే చేసేవాణ్ణి" అన్నాడు. "నా స్థానంలో నువ్వున్నా ఇదే చేస్తావు. ఖలాస్." అలా రిటైరయ్యాను.

నిర్మల్‌కు ఫోన్

ఉస్మాన్ కంటే ముందు, ఆ సాయంత్రమే, నేను మాట్లాడాల్సిన మనిషి ఇంకొకడున్నాడు. ఆఫీసువాళ్ళు చెబుతారులే అని ఊరుకోవచ్చు. చాలామంది అదే చేస్తారు. మీరు అలా చేయకండి.

రాజన్న ఒక్క రింగుకే ఎత్తాడు.

"ఎక్కిచ్చిన్రా అన్నా?"

"లేదన్నా. గేటు మూసిన్రు. రేపటికి పోతది. తప్పు నాదే, ఇంకో దిక్కు పోవాల్సొచ్చింది."

"రేపా?" అన్నాడు. ఆ తర్వాత అరిచాడు. "బండికి అడ్వాన్సిచ్చి కూసున్న. కట్టెలు దెప్పిచ్చిన. సుట్టాలందరు అచ్చిన్రు. అమ్మకేం జెప్పాలె నేను? దుబాయ్‌ల ఏసీల కూసొని మాట్లాడుతరు మీరు. దిక్కులేనోని లెక్క తిప్పుతున్నరా మా అన్నను? ఎంట ఒక్కడన్న ఉన్నడా?"

ఆయన అరవడం అయ్యేదాకా విన్నాను. జోకులు చాలా తెలుసు నాకు. ఒక్కటీ రాలేదు.

"ఉన్నరన్నా" అన్నాను. "ఎన్క నాలుగు కార్లొచ్చినయ్."

ఫోన్‌లో గాలి చప్పుడు. దూరంగా ఎవరో ఆడమనిషి గొంతు.

"కార్లా? మా అన్నెన్కనా?"

"అవును. లైట్లేసుకొని. రౌండబోట్ల కాడ బండ్లన్ని ఆపిన్రు."

ఇందులో ఒక్క అబద్ధం లేదు. నిజం మాత్రం మొత్తం చెప్పలేదు. ఎందుకొచ్చారని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఐదో జత లైట్ల సంగతి కూడా చెప్పలేదు. చెబితే పేరు చెప్పాలి.

"పేర్లు చెప్పన్నా" అన్నాడు రాజన్న. "ఆగు, కాయితం దెస్త. రేపు వాళ్ళిండ్లల్ల ఏమన్నయితే మేం బోవాలె గదా. సావుకచ్చినోళ్ళ పేర్లు మర్వద్దు."

చెప్పాను. యూసుఫ్. గౌస్. షబ్బీర్. నర్సయ్య. ఒక్కొక్కటీ ఆయన పైకి పలుకుతూ రాసుకున్నాడు. బోధన్ మనిషి, రువైస్ బందరులో పని, అని పక్కన ఊరు కూడా రాయించుకున్నాడు. నలుగురూ అయ్యాక ఆగాడు.

"మరి ముంగట ఎవరు నడిచిన్రు?"

వాళ్ళ ఆచారం నాకు తెలుసు. డప్పులవాళ్ళు కాక శవం ముందు నడిచేవాడు ఒక్కడే, నిప్పుకుండ పట్టుకున్నవాడు. కొడుకైనా అవుతాడు, తమ్ముడైనా అవుతాడు. మిగతా ఊరంతా వెనకే నడుస్తుంది. అది రాజన్న స్థానం. అది ఖాళీగా ఉందా అని ఆయన అడుగుతున్నాడు.

"బండి నేనే తోలిన" అన్నాను. "ముంగట నేనే ఉన్న."

"నీ పేరు?"

"సలీం."

పెన్ను కాగితం మీద గీసిన చప్పుడు ఫోన్‌లో వినబడింది.

"నీ పేరు అందరికంటె మీద రాస్తున్న" అన్నాడు. తర్వాత ఫోన్ పక్కకు పెట్టి, వాళ్ళమ్మకు వినబడాలని కాబోలు, గట్టిగా ఆ ఐదు పేర్లూ చదవడం మొదలుపెట్టాడు.